బోర్డు ఒకరిది, కాపలా మరొకరిది: వరంగల్‌లో మన డబ్బును ఎవరు చూస్తున్నారు?

హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల ఓ గంట తిరిగితే డబ్బు తీసుకునే, డబ్బు ఇచ్చే బోర్డులు ఎన్నో కనిపిస్తాయి. ప్రభుత్వ బ్యాంకు, ప్రైవేటు బ్యాంకు, గ్రామీణ బ్యాంకు, అర్బన్ కోఆపరేటివ్ బ్యాంకు, బంగారం మీద అప్పిచ్చే ఫైనాన్స్ కంపెనీ, చిట్ ఫండ్, పొదుపు సంఘం, సందులోకి పోతే గిర్వి (తాకట్టు) దుకాణం. అన్నింట్లోనూ కౌంటర్ ఉంటుంది, రసీదు ఇస్తారు, గోడకు లక్ష్మీదేవి పటం ఉంటుంది. డబ్బు కట్టేవాడికి అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి.

పాడుకున్న చిట్టీ డబ్బులు చేతికి రాక పోలీస్ కమిషనరేట్ చుట్టూ తిరిగిన వాళ్లు వరంగల్‌లో తక్కువేం లేరు. వాళ్లలో చాలామంది అడిగేది ఒకటే: "ఇన్నాళ్లూ రిజర్వ్ బ్యాంకు ఏం చేస్తున్నట్టు?" అడగడంలో తప్పులేదు. కానీ చిట్టీ కంపెనీ లెక్కలు చూడటం రిజర్వ్ బ్యాంకు పని కాదు. అది చూడాల్సింది రాష్ట్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ శాఖలో కూర్చునే చిట్స్ రిజిస్ట్రార్. పక్కనున్న గ్రామీణ బ్యాంకు లెక్కలు చూసేది నాబార్డు, అంటే వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి జాతీయ బ్యాంకు. ఆ పక్కన పొదుపు సంఘం లెక్కలు చూసేది ముఖ్యంగా దాని సభ్యులే. కాపలా ఎవరిదనేది ఆ సంస్థ ఏ చట్టం కింద నమోదైందన్న దాన్నిబట్టి ఉంటుంది. బోర్డు సైజును బట్టో, ఏసీ గదులను బట్టో ఉండదు.

## రాజ్యాంగంలోనే జరిగిన పంపకం

బ్యాంకింగ్ కేంద్ర జాబితాలో 45వ అంశం. సహకార సంఘాలు రాష్ట్ర జాబితాలో 32వ అంశం. మిత్తికి అప్పులిచ్చే వ్యాపారం కూడా రాష్ట్రానిదే, 30వ అంశం. చిట్టీని పదిమంది కలిసి చేసుకున్న ఒప్పందంగా చూస్తారు, కాబట్టి అది ఉమ్మడి జాబితాలోకి వచ్చింది: చట్టం పార్లమెంటు చేసింది, అమలు రాష్ట్రాలు చేస్తాయి. మన చిక్కులన్నిటికీ మూలం ఈ పంపకమే. సహకార బ్యాంకు అనే మాటలో 'సహకార' రాష్ట్రానిది, 'బ్యాంకు' కేంద్రానిది.

రిజర్వ్ బ్యాంకు 1935లో పని మొదలుపెట్టింది. బ్యాంకుల మీద దానికి గట్టి పట్టు వచ్చింది 1949 నాటి బ్యాంకింగ్ నియంత్రణ చట్టంతో. మన ప్రాంతం కథ కొంచెం వేరు. నిజాం ప్రభుత్వం 1941లో చట్టం చేసి హైదరాబాద్ స్టేట్ బ్యాంకు పెట్టింది, నిజాం రాజ్యపు సొంత కరెన్సీ ఉస్మానియా సిక్కా వ్యవహారం దానికే అప్పజెప్పింది. అదే తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది, 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసిపోయింది. మనవాళ్లు చాలామంది ఇప్పటికీ ఆ బ్రాంచీలను ఎస్‌బీహెచ్ అనే అంటారు. ఇంతకన్నా విచిత్రం, తెలంగాణలో మిత్తి వ్యాపారుల మీద ఉన్న చట్టం ఫస్లీ 1349 నాటిది. అంటే నిజాం కాలపు లెక్కలో పుట్టిన చట్టం.

ఇక్కడ రెండు పనులను వేరుచేసి చూడాలి. లైసెన్సు ఇవ్వడం, ఎంత సొంత డబ్బు పెట్టాలి, ఎవరికి ఎంత అప్పు ఇవ్వచ్చు అని నియమాలు రాయడం నియంత్రణ. రాసిన నియమాలు పాటిస్తున్నారో లేదో లెడ్జర్లు తెరిచి చూడటం పర్యవేక్షణ. రెండూ ఒకరే చేయాలని లేదు. గ్రామీణ బ్యాంకులకూ జిల్లా సహకార కేంద్ర బ్యాంకులకూ నియమాలు రాసేది రిజర్వ్ బ్యాంకు, తనిఖీకి వచ్చేది నాబార్డు.

## వంద రూపాయలు బ్యాంకులో వేస్తే

మీరు వేసిన 100 రూపాయల్లో కొంత నగదు నిల్వగా రిజర్వ్ బ్యాంకు దగ్గర ఉంచాలి. ఈ వాటా 2025 చివరికి 3 శాతానికి తగ్గింది. మరో 18 రూపాయలు ఎక్కువగా ప్రభుత్వ బాండ్లలో పెట్టాలి. మిగతాది అప్పులుగా పోతుంది. డిపాజిట్లన్నీ బీరువాలో ఉంటాయని అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలా ఉంచితే మనకు మిత్తి ఎక్కడి నుంచి ఇస్తారు?

అప్పు ఇచ్చేటప్పుడు ఇంకో షరతు ఉంది. మామూలు రిస్కు ఉన్న ప్రతి 100 రూపాయల అప్పు వెనక బ్యాంకు యజమానుల సొంత డబ్బు కనీసం 9 రూపాయలు ఉండాలి. పెద్ద వాణిజ్య బ్యాంకులు దీనిపైన అదనపు పొర కూడా కలిపి 11.5 దాకా ఉంచాలి. ఇచ్చిన 100లో 5 రూపాయలు మునిగితే ఆ నష్టం ముందు యజమానుల 9లో నుంచి పోతుంది, డిపాజిటరు మీదికి రాదు. 12 మునిగితే మొదటి 9 వాళ్లవి, మిగతా 3 మీవి. నియంత్రణ అంతా ఈ 9 కరగకుండా చూసుకోవడం చుట్టే తిరుగుతుంది. అది కరిగిపోయిన సంగతి దాచిపెట్టకుండా చూడటం పర్యవేక్షణ.

దాచడం ఎలాగో కూడా చూద్దాం. ఎనుమాముల మార్కెట్లో మిర్చి కొనే ఒక వ్యాపారికి 40 లక్షల అప్పు ఉందనుకోండి. ధర పడిపోయింది, సరుకు కోల్డ్ స్టోరేజీలో ఇరుక్కుంది, వాయిదా కట్టలేదు. 30 రోజుల దాకా అది తొలి హెచ్చరిక ఖాతా, 60 దాకా రెండోది, 90 దాకా మూడోది. 90 రోజులు దాటితే మొండి బకాయి. తాకట్టు ఉన్న అప్పయితే కొత్తగా మొండి బకాయి అయినప్పుడు 15 శాతం, అంటే 6 లక్షలు, బ్యాంకు తన లాభంలో నుంచి పక్కన పెట్టాలి. మార్చి నెలాఖరు దగ్గర పడుతోంది. అప్పుడు పుట్టే ఆలోచన: అదే వ్యాపారికో, ఆయన తమ్ముడి పేరుమీదో ఇంకో 5 లక్షలు మంజూరు చేసి, ఆ డబ్బుతో పాత వాయిదా కట్టించేయడం. కాగితం మీద ఖాతా పచ్చగా ఉంటుంది. తనిఖీకి వచ్చినవాళ్లు ముందు వెతికేది ఈ తేదీలనే. కొత్త అప్పు ఖాతాలో పడ్డ రోజు, పాత వాయిదా తీరిన రోజు ఒకటే అయితే ఫైలు పక్కన పెట్టుకుంటారు. 2015లో రిజర్వ్ బ్యాంకు దేశంలోని పెద్ద బ్యాంకుల అప్పుల పుస్తకాలను ఒక్కసారిగా తిరగేసింది. ఇలాంటి పచ్చ ఖాతాలు కుప్పలుగా బయటపడ్డాయి. 2018 నాటికి 11 ప్రభుత్వ బ్యాంకులు 'సత్వర దిద్దుబాటు' ఆంక్షల కిందికి వచ్చాయి. అంటే కొత్త బ్రాంచీలు, పెద్ద అప్పులు, డివిడెండ్లు ఆపి ముందు ఇల్లు చక్కబెట్టుకోమనడం.

పంట రుణాలకు ఈ 90 రోజుల లెక్క వర్తించదు. స్వల్పకాలిక పంటలకైతే రెండు పంట కాలాలు దాటినా కట్టకపోతేనే మొండి బకాయి. వానల మీద బతికే రైతుకు క్యాలెండర్ లెక్క కుదరదని చేసిన వెసులుబాటు ఇది.

తనిఖీ అంటే అధికారులు వచ్చి వారం కూర్చుని పోవడం ఒక్కటే కాదు. బ్యాంకులు క్రమం తప్పకుండా లెక్కల పట్టికలు పంపాలి, బయటి ఆడిటర్లు సంతకం చేయాలి, ఎక్కడ రిస్కు ఎక్కువో అక్కడికి ఎక్కువసార్లు వెళ్లాలి. ఈ పనికే రిజర్వ్ బ్యాంకులో 1994లో ప్రత్యేక పర్యవేక్షణ బోర్డు ఏర్పడింది.

## మునిగినప్పుడు ఏమవుతుంది: రెండు హైదరాబాద్ కథలు

2001లో హైదరాబాద్‌లో కృషి కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు కూలింది. దాని డిపాజిటర్లు ఏళ్ల తరబడి తిరిగారు. మూడేళ్ల తర్వాత, 2004 జులై 24న, సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు మీద మారటోరియం, అంటే డబ్బు తీయడం మీద ఆంక్ష, పడింది. రెండు మూడు రోజుల్లోనే దాన్ని ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలుపుతామన్నారు, ఆగస్టులో కలిపేశారు. డిపాజిటర్లకు పైసా పోలేదు, షేర్లు ఉన్నవాళ్లకు మాత్రం ఏమీ మిగల్లేదు.

ఒకే ఊరి చుట్టూ రెండు బ్యాంకులు, రెండు ముగింపులు. వాణిజ్య బ్యాంకుకు రిజర్వ్ బ్యాంకు ఒక్కటే పెద్ద దిక్కు, కేంద్రం అనుమతితో రాత్రికి రాత్రి ఇంకో బ్యాంకులో కలపగలదు. సహకార బ్యాంకు విషయంలో అప్పట్లో ఆ చేతులు కట్టేసి ఉండేవి. 2020 మార్చి 5న ఎస్ బ్యాంకు ఖాతాదారులకు 50,000 రూపాయల పరిమితి పెట్టి, 18న ఎత్తేశారు. అదే 2019 సెప్టెంబరులో ముంబైలోని పంజాబ్ అండ్ మహారాష్ట్ర కోఆపరేటివ్ బ్యాంకు మీద ఆంక్షలు పడితే మొదట ఖాతాకు 1,000 రూపాయలే తీసుకోనిచ్చారు. అది యూనిటీ స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులో కలిసేసరికి 2022 వచ్చింది. పెద్ద మొత్తాలు వేసినవాళ్లు తమ డబ్బంతా చేతికి రావడానికి పదేళ్ల దాకా ఆగాలి.

## ఐదు లక్షల లెక్క, ఒక సింగరేణి రిటైర్మెంటుతో

డిపాజిట్ బీమా 1962లో మొదలైంది. అంతకు ముందు 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు కూలిన దెబ్బ దీనికి కారణం. 1993 నుంచి లక్ష రూపాయలుగా ఉన్న పరిమితి 2020 ఫిబ్రవరి 4 నుంచి 5 లక్షలైంది. ప్రీమియం మనం కట్టం, ప్రతి 100 రూపాయల డిపాజిట్‌కు ఏడాదికి 12 పైసల చొప్పున బ్యాంకు కట్టేది. 2026 ఏప్రిల్ నుంచి రిస్కు తక్కువున్న బ్యాంకుకు తక్కువ, ఎక్కువున్నదానికి ఎక్కువ అనే పద్ధతికి మారాలని రిజర్వ్ బ్యాంకు నిర్ణయించింది.

ఇప్పుడు భూపాలపల్లిలో సింగరేణి నుంచి రిటైరైన ఒక కార్మికుడిని ఊహించుకుందాం. ఆయన డబ్బు ఇలా ఉంది.

ఒక పెద్ద ప్రభుత్వ బ్యాంకు భూపాలపల్లి బ్రాంచీలో 6 లక్షలు, అదే బ్యాంకు హనుమకొండ బ్రాంచీలో 3 లక్షలు, రెండూ ఆయన ఒక్కరి పేరుమీదే. బీమాకు బ్రాంచీలతో పనిలేదు, బ్యాంకు ఒక్కటే లెక్క. 9 లక్షల్లో 5 లక్షలకే బీమా. అదే బ్యాంకులో భార్య పేరు ముందు, ఆయన పేరు వెనక పెట్టి జాయింటు ఖాతాలో 4 లక్షలు. ఇది వేరే హోదాలో ఉన్న డిపాజిట్, విడిగా లెక్కిస్తారు, 4 లక్షలకూ బీమా ఉంది. గ్రామీణ బ్యాంకులో 4.80 లక్షలు వేస్తే మిత్తితో కలిపి 5.15 లక్షలైంది. అసలూ మిత్తీ కలిపే 5 లక్షలు, కాబట్టి 15,000 బయట ఉండిపోతుంది. ఫైనాన్స్ కంపెనీలో 3 లక్షల డిపాజిట్, చిట్టీ పాడుకుని కంపెనీలోనే వదిలేసిన 2 లక్షలు, ఊరి సొసైటీలో వేసిన లక్ష. ఈ మూడింటికీ డిపాజిట్ బీమా సున్నా.

మొత్తం 24.15 లక్షలు. అందులో బీమా ఉన్నది 14 లక్షలు. మిగతాది పోతుందని కాదు. పెద్ద ప్రభుత్వ బ్యాంకులో బీమా పరిమితి దాటిన ఆ 4 లక్షలకూ, చిట్టీ కంపెనీలో వదిలేసిన 2 లక్షలకూ రిస్కు ఒకటి కానేకాదు. బీమా లేకపోవడం ఒక సంగతి, పర్యవేక్షణ లేకపోవడం ఇంకో సంగతి, రెండూ లేకపోవడం మూడో సంగతి. ఆ 2 లక్షలు మూడో రకం.

2021లో చట్టం మార్చాక, బ్యాంకు మీద డబ్బు తీయనివ్వని ఆంక్షలు పడితే బీమా సొమ్ము 90 రోజుల్లో ఇవ్వాలి: 45 రోజుల్లో బ్యాంకు జాబితా ఇవ్వాలి, 30 రోజుల్లో బీమా సంస్థ సరిచూడాలి, తర్వాత 15 రోజుల్లో చెల్లించాలి. అంతకు ముందు లైసెన్సు రద్దయి, మూతపడ్డ బ్యాంకు ఆస్తులు అమ్మి బాకీలు తీర్చే లిక్విడేటరు వచ్చేదాకా దిక్కులేదు.

## ఇద్దరి కింద పనిచేసే బ్యాంకులు

అర్బన్ కోఆపరేటివ్ బ్యాంకులో పాలకవర్గ ఎన్నికలు, సభ్యత్వం, సంఘం నమోదు సహకార రిజిస్ట్రార్ చూస్తారు. లైసెన్సు, అప్పుల నియమాలు, తనిఖీ రిజర్వ్ బ్యాంకువి. ఈ జోడు కాపలా 1966 నుంచీ ఉంది. లోపం దొరికినా డైరెక్టర్లను దించాలంటే రిజిస్ట్రార్ కదలాలి, ఆయన కదలాలంటే స్థానిక రాజకీయం ఒప్పుకోవాలి. 2020 సవరణతో పాలకవర్గాన్ని పక్కనపెట్టే అధికారం, ముఖ్య అధికారి నియామకానికి అనుమతి, విలీనం చేయించే అధికారం రిజర్వ్ బ్యాంకు చేతికి వచ్చాయి.

దీన్ని మెచ్చనివాళ్ల వాదనలోనూ పస ఉంది. సహకార బ్యాంకు సభ్యులది, ఒక మనిషికి ఒక ఓటు. పెద్ద బ్యాంకు నియమాలన్నీ దాని మీద రుద్దితే చిన్న వ్యాపారికి అప్పిచ్చే మెత్తదనం పోతుంది అంటారు. రిజర్వ్ బ్యాంకు వైపువాళ్లు చెప్పేది సూటిగా ఉంటుంది: డిపాజిట్ వేసే మనిషి చాలాసార్లు ఓటున్న సభ్యుడే కాడు, ఓట్లున్నవాళ్లు అప్పులు తీసుకున్నవాళ్లు. నా మటుకు ఈ రెండో మాటే ఎక్కువ బరువుగా అనిపిస్తుంది.

జిల్లా సహకార కేంద్ర బ్యాంకు కూడా ఇలాంటి జోడు బండే, కాకపోతే తనిఖీ నాబార్డుది. బ్యాంకు కాబట్టి బీమా ఉంది. దాని కింద ఊళ్లలో ఉండే ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం మాత్రం బ్యాంకింగ్ చట్టం కిందికి రాదు. ఎరువుల బస్తాలు, వడ్ల కొనుగోలు, పంట అప్పు అన్నీ అక్కడే కాబట్టి 'సొసైటీ'లో నాలుగు రూపాయలు దాచుకోవడం జనానికి మామూలే. కేంద్ర బ్యాంకుకున్న బీమా సొసైటీకి ఉండదని కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు.

గ్రామీణ బ్యాంకుది తేలికైన కథ. కేంద్రానికి 50 శాతం, దాన్ని నిలబెట్టిన పెద్ద (ప్రాయోజిత) బ్యాంకుకు 35, రాష్ట్రానికి 15 వాటా. వరంగల్ హెడ్డాఫీసుగా నడిచిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ బ్రాంచీలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. పాస్‌బుక్ మీద పేరు మారింది, బీమా మారలేదు. ఇన్సూరెన్సు పాలసీలకు హైదరాబాద్‌లోనే ఉన్న ఐఆర్‌డీఏఐ, మ్యూచువల్ ఫండ్లకు సెబీ, జాతీయ పింఛను పథకానికి పీఎఫ్‌ఆర్‌డీఏ ఉన్నాయి. వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు.

## చిట్టీ: కాగితం మీద గట్టి చట్టం

20 మంది, నెలకు 5,000, 20 నెలలు, లక్ష రూపాయల చిట్టీ. మూడో నెల ఒకాయన 25,000 తగ్గించి పాడుకున్నాడు, ఆయనకు 75,000 వస్తుంది. తగ్గిన 25,000లో చిట్టీ నడిపే ఫోర్‌మన్ కమీషన్, లక్ష మీద 5 శాతం అనుకుంటే 5,000 పోగా 20,000 మిగిలింది. తలా 1,000. అంటే ఆ నెల మెంబర్లు 4,000 కడితే చాలు. కమీషన్ గరిష్ఠ పరిమితిని 2019 సవరణలో 5 నుంచి 7 శాతానికి పెంచారు. 7 తీసుకుంటే తలా 900 వస్తుంది.

1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం చదివితే ఇది మోసానికి చోటిచ్చే వ్యాపారంలా అనిపించదు. చిట్టీ మొదలుపెట్టే ముందు అనుమతి తీసుకోవాలి. ఒప్పందం రిజిస్టరు చేయాలి. చిట్టీ మొత్తానికి సమానమైన డబ్బు, మన లెక్కలో లక్ష, బ్యాంకులో డిపాజిట్ చేసి రిజిస్ట్రార్ పేరున తాకట్టు పెట్టాలి. ప్రతి పాటకూ మినిట్స్ రాసి దాఖలు చేయాలి. తగాదా వస్తే సివిల్ కోర్టుకు పోకుండా రిజిస్ట్రార్ దగ్గరే తేల్చుకోవాలి.

మరి ఎక్కడ చెడుతుంది? ఒకటి, రిజిస్టరైన చిట్టీ పక్కనే లెక్కలో లేని చిట్టీలు నడుస్తాయి. ఆఫీసు అదే, రసీదు పుస్తకం అదే రంగు. గ్రూపు నంబరు రిజిస్ట్రార్ దగ్గర ఉందా అని అడిగే మెంబరు అరుదు. రెండు, ఇదే పెద్దది. పాడుకున్న మెంబరుకు 75,000 చేతిలో పెట్టాల్సిన రోజు ఆఫీసులో టీ తెప్పించి ఇలా అంటారు: "ఇప్పుడే తీసుకుని ఏం చేస్తవన్నా, మా దగ్గరే ఉంచు, నూటికి రూపాయిన్నర మిత్తి ఇస్తం." నెలకు నూటికి రూపాయిన్నర అంటే ఏడాదికి 18 శాతం. ఆ క్షణంలో చిట్టీ ముగిసి డిపాజిట్ మొదలైంది. చిట్టీ కంపెనీకి జనం దగ్గర డిపాజిట్లు తీసుకునే హక్కు లేదు, కాబట్టి ఆ కాగితం రిజిస్ట్రార్ పుస్తకాల్లో ఉండదు, తాకట్టు పెట్టిన లక్ష దానికి పనికిరాదు. ఆ డబ్బు భూమి వ్యాపారంలోకి పోతుంది. భూమి అమ్ముడుపోనప్పుడు పాడుకున్న కొత్తవాళ్లకు ఇవ్వడానికి డబ్బు ఉండదు.

రిజర్వ్ బ్యాంకు దగ్గర నమోదై, డిపాజిట్లు తీసుకునే అనుమతి ఉన్న ఫైనాన్స్ కంపెనీ కూడా ఏడాదికి 12.5 శాతం దాటి మిత్తి ఇవ్వకూడదు. 18 శాతం, 24 శాతం ఇస్తామన్న చోట ఎవరి అనుమతీ లేదని ఆ అంకెతోనే తేలిపోతుంది.

కూలిన తర్వాత వాడే చట్టాలు రెండున్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో వచ్చిన డిపాజిటర్ల రక్షణ చట్టం తెలంగాణలోనూ అమల్లో ఉంది, దాని కింద ఆస్తులు జప్తు చేసి ప్రత్యేక కోర్టు ద్వారా అమ్మవచ్చు. 2019లో కేంద్రం తెచ్చిన అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం అసలు అలాంటి డిపాజిట్ తీసుకోవడాన్నే నేరం చేసింది. రెండూ డబ్బు పోయాకే ఎక్కువగా గుర్తొస్తాయి.

## ఎవరూ చూడని చోట సభ్యులు చూస్తే

1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ఉద్దేశం మంచిది: ప్రభుత్వ పెత్తనం లేకుండా సభ్యులే నడుపుకోవాలి. పాత వరంగల్, కరీంనగర్ జిల్లాల మహిళా పొదుపు సంఘాలు నెలనెలా చిన్న మొత్తం కట్టుకుని, తమలో తామే అప్పులిచ్చుకుని, ఏడాదికోసారి లెక్క అందరి ముందూ చదివి దశాబ్దాలుగా నిలబడ్డాయి. 1956లో మొదలైన ముల్కనూర్ సహకార సంఘం దేశమంతా వచ్చి చూసిపోయే స్థాయికి ఎదిగింది. రిజర్వ్ బ్యాంకు నీడ లేకపోతే అన్నీ మునిగిపోతాయనడం ఈ ప్రాంతంలో చెల్లదు.

అదే చట్టం కింద పట్నంలో ఒకరు సంఘం పెట్టి, డిపాజిట్ వేసిన ప్రతివాడి దగ్గరా పది రూపాయలు తీసుకుని నామమాత్రపు సభ్యుడిని చేసి, ఎక్కువ మిత్తి చూపించి లక్షలు పోగుచేయడానికీ వీలుంది. ముల్కనూర్‌లో పక్కింటివాడు అప్పు ఎగ్గొడితే ఊరికి తెలుస్తుంది. పట్నం సంఘంలో సభ్యులకు ఒకరి మొహం ఒకరికి తెలియదు. చూసేవాళ్లు లేరని తెలిసిన చోటే ఈ చట్టం బెడిసికొడుతుంది. లైసెన్సు లేని సంఘాలు 'బ్యాంకు' అని పేరు పెట్టుకోకూడదని రిజర్వ్ బ్యాంకు 2021 నవంబరులో జనాన్ని హెచ్చరించింది.

## ఒకే బంగారం, రెండు చట్టాలు

అదే గాజుల జతను గిర్వి దుకాణంలో పెడితే రాష్ట్ర చట్టం, రోడ్డు దాటి గోల్డ్ లోన్ కంపెనీలో పెడితే రిజర్వ్ బ్యాంకు నియమం. 2025 జూన్‌లో వచ్చిన నియమాల ప్రకారం రెండున్నర లక్షల దాకా అప్పుకు బంగారం విలువలో 85 శాతం వరకు ఇవ్వచ్చు. అప్పు తీర్చాక ఏడు పనిదినాల్లో బంగారం తిరిగి ఇవ్వకపోతే రోజుకు 5,000 పరిహారం కట్టాలి. వేలంలో మిగిలిన సొమ్ము అప్పుదారుకు ఇవ్వాలి. గిర్వి దుకాణం సేటుకు ఈ నియమాలేవీ తగలవు.

ఇద్దరు పాలకులు ఒకే ఇంటి మీద పడ్డ సంఘటన మైక్రోఫైనాన్స్‌లో, అంటే పేద ఇళ్లకు తాకట్టు లేకుండా ఇచ్చే చిన్న అప్పుల వ్యాపారంలో, జరిగింది. వారంవారం వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల మధ్య ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2010 అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్లు దాదాపు ఆగిపోయాయి. తర్వాత రిజర్వ్ బ్యాంకు ఈ సంస్థలకు ప్రత్యేక వర్గం పెట్టింది, 2022 మార్చిలో నియమాలు తిరగరాసింది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న ఇంటికి, అన్ని అప్పుల వాయిదాలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. నెలకు 15,000 వచ్చే ఇల్లయితే వాయిదాలు 7,500 లోపే. అయితే మిత్తికి పైపరిమితి ఎత్తేశారు, సంస్థల బోర్డులే నిర్ణయించుకోవాలి.

2022 మేలో సుప్రీంకోర్టు ఒక కేరళ కేసులో, రిజర్వ్ బ్యాంకు దగ్గర నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు రాష్ట్రాల మిత్తి వ్యాపార చట్టాలు వర్తించవని చెప్పింది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, 2010 ఆర్డినెన్సు స్థానంలో వచ్చిన మైక్రోఫైనాన్స్ చట్టం గురించీ అదే చెప్పింది. ఒక సంస్థకు రెండు చోట్ల జవాబు చెప్పమంటే ఏదీ సరిగా జరగదన్నది ఈ తీర్పులను మెచ్చేవాళ్ల మాట. మెచ్చనివాళ్లు అడిగేది: గుమ్మం ముందు కూర్చున్న వసూలు ఏజెంటును హైదరాబాద్ సైఫాబాద్‌లోని రిజర్వ్ బ్యాంకు ఆఫీసు చూస్తుందా, మండలంలో ఉన్న అధికారి చూస్తాడా?

## తెలిసినా చెప్పకపోవడం

పర్యవేక్షకుడికి ఒక చిక్కు ఎప్పుడూ ఉంటుంది. ఫలానా బ్యాంకు బలహీనంగా ఉందని బయటపెడితే తెల్లారేసరికి జనం వరుస కడతారు, బతికే బ్యాంకు కూడా చస్తుంది. చెప్పకపోతే, విషయం తెలియని డిపాజిటరు ఆంక్షలు పడే ముందు రోజు కూడా డబ్బు వేస్తాడు. లోపలి సంగతి తెలిసిన పెద్దలు అంతకు ముందే తీసుకుని ఉంటారు.

తనిఖీ నివేదికలను సమాచార హక్కు కింద ఇవ్వాల్సిందేనని 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. బ్యాంకుల రహస్యం కాపాడాల్సిన నమ్మకపు సంబంధం రిజర్వ్ బ్యాంకుకు వాటితో లేదని చెప్పింది, 2019లో మళ్లీ అదే గట్టిగా చెప్పింది. బ్యాంకులు ఊరుకోలేదు, ఖాతాదారుల వివరాల గోప్యత మాటేమిటని తిరిగి కోర్టుకెక్కాయి, 2022లో వాటి వాదన వినడానికి కోర్టు ఒప్పుకుంది. తనిఖీ నివేదిక సంగతి అలా ఉండగా, జరిమానాల ఉత్తర్వులను రిజర్వ్ బ్యాంకు తన వెబ్‌సైటులో బ్యాంకు పేరుతో సహా పెడుతోంది, అర్బన్ బ్యాంకులవి అందులో తరచూ కనిపిస్తాయి. నికర మొండి బకాయి ఎంత శాతమో, సొంత డబ్బు ఎంత శాతమో ప్రతి బ్యాంకు వార్షిక నివేదికలో రాయాల్సిందే. ప్రతి 100 రూపాయల అప్పు వెనక ఉండాల్సిన ఆ 9 రూపాయలు ఎంతకు వచ్చాయో ఆ పేజీలోనే ఉంటుంది.